కొట్టు, పుట్, పడు

మొన్న పొద్దున్నే మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "మన ఇంగ్లీషు మాస్టారు పాస్డ్ అవే" అని. దాని కింద వరసపెట్టి దణ్ణాలు పెట్టే చేతులు, ఓం శాంతిలు, ఆర్ఐపీలు. లారీల షెడ్డు నడిపే మావాడొకడు మాత్రం "మాస్టారు పోయారంట్రా, నిజమేనా?" అని తెలుగులో అడిగాడు.

ఈ 'పాస్ అవే' సంగతి మాకు చెప్పిందే ఆయన. 'పాస్' అంటే దాటడం, 'అవే' అంటే అవతలకి, రెండూ కలిస్తే చావు ఎట్లా అయిందిరా అని ఆయన అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు. "మీ తాత పోయాడు అంటారు గదా, ఎక్కడికి పోయాడు? బస్సెక్కి తెనాలి పోయాడా?" అన్నారు. క్లాసంతా ఘొల్లున నవ్వింది. "కాలం చేశాడు అంటారు. కాలాన్ని ఎవడన్నా చేస్తాడంట్రా? కన్నుమూశాడు అంటారు. మరి మనం రోజూ రాత్రి మూసేదేంటి? ముక్కలు విడగొట్టి చూస్తే ఏ భాషైనా పిచ్చిదానిలాగే ఉంటుంది. విడగొట్టకండి."

గ్రూపులో నాకేం రాయాలో తోచలేదు. ఆయన గురించి రాద్దామంటే ఈ 'పాస్ అవే' లాంటి ఫ్రేజల్ వెర్బ్స్, అంటే క్రియకి తోకలా చిన్న మాట తగిలి అర్థం మారిపోయేవి, అడ్డొస్తున్నాయి, ఫ్రేజల్ వెర్బ్స్ గురించి రాద్దామంటే ఆయన వచ్చేస్తున్నారు. అందుకని రెండూ కలిపే రాస్తున్నా, ఎటు పోతుందో చూద్దాం.

*

మాది రేపల్లె పక్కన పల్లెటూరు. జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. ఇంగ్లీషు అనేది మాకు పీరియడ్ గంట కొట్టగానే వచ్చి ఇంకో గంట కొట్టగానే పోయే సబ్జెక్టు, దాంతో మనిషితో మాట్లాడొచ్చు అన్న ఊహ కూడా ఉండేది కాదు. పెంకుల కప్పు, వానొస్తే బల్లలు ఈ మూల నుంచి ఆ మూలకి జరపాలి. బోర్డు తెల్లబడిపోతే మేమే బొగ్గు, దొండాకు కలిపి నూరి పట్టించేవాళ్ళం, ఆ పసరు వాసన రెండ్రోజులు చేతుల్ని వదిలేది కాదు. గంట అంటే వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని కొట్టే అవకాశం కోసం మాలో మాకు కొట్లాటలు.

పబ్లిక్ పరీక్ష భయంతో ప్రతివాడి దగ్గరా ఓ గైడు ఉండేది. కొత్తది కొనలేనివాళ్ళు సీనియర్ల దగ్గర సగం ధరకి తీసుకునేవాళ్ళు, అందులో వాళ్ళ పెన్సిల్ టిక్కులు కూడా ఫ్రీగా వచ్చేవి. దాని వెనక పేజీల్లో ఫ్రేజల్ వెర్బ్స్ లిస్టు. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. లుక్ ఆఫ్టర్, సంరక్షించు. లుక్ ఇంటు, విచారించు. లుక్ డౌన్ అపాన్, నీచముగా చూచు. పుట్ ఆఫ్, వాయిదా వేయు. పుట్ అవుట్, ఆర్పు. పుట్ అప్ విత్, సహించు. వీటిని ఎక్కాలు చదివినట్టు రాగం తీసి చదివేవాళ్ళం. సాయంత్రం పూట వీధిలో నడిచి వెళ్తుంటే ప్రతి అరుగు మీద నుంచీ ఎవడో ఒకడు ఊగుతూ "గివ్వప్ గివ్వప్ విడిచిపెట్టు, గెటప్ గెటప్ నిద్రలేచు" అంటూ వినపడేవాడు. అర్థం అయిందా అంటే, అర్థం పక్కనే రాసుంది కదా, మళ్ళీ కావడమేంటి అనుకునే రోజులు.

మాస్టారికి ఆ గైడు అంటే ఒళ్ళుమంట. ఒకరోజు ఒకడి చేతిలోంచి లాక్కుని చూసి, "లుక్ ఆఫ్టర్ అంటే సంరక్షించు అంట. ఏరా, మీ అమ్మ నిన్ను సంరక్షిస్తుందా?" అన్నారు. వాడు బిత్తరపోయి "చూసుకుంటుంది సార్" అన్నాడు. మాస్టారు బల్ల మీద చరిచారు. "అదీ మాట! చూడటం వేరు, చూసుకోవడం వేరు. పక్కింటావిడ నిన్ను చూస్తుంది, మీ అమ్మ చూసుకుంటుంది. లుక్ వేరు, లుక్ ఆఫ్టర్ వేరు. ఈ సంరక్షించు ఎక్కడిది? మీ ఇంట్లో ఎవరన్నా అన్నారా ఎప్పుడన్నా?"

ఆయన చేత్తో గైడు చింపిన మనిషి కాదు. తిరిగి ఇచ్చేసేవారు, మార్కులు కావాలిగా. కానీ కుడివైపు తెలుగు మాటని కొట్టేసి మీ ఇంట్లో అనే మాట రాసుకోమనేవారు. అలా మా గైడ్లన్నీ బ్లూ ఇంకు గీతలతో నిండిపోయాయి. మా తర్వాత వాటిని కొనుక్కున్నవాళ్ళు ఏమనుకున్నారో మరి.

*

అసలు క్లాసు అంటే 'కొట్టు' క్లాసే. మా బ్యాచ్‌లో ఎవర్ని అడిగినా అదే చెప్తారు.

ఆయన వచ్చి బోర్డు మధ్యలో 'కొట్టు' అని తెలుగులో రాశారు. ఇంగ్లీషు పీరియడ్లో ఇదేంటా అని చూస్తున్నాం. "దీనికి తోకలు తగిలించండి" అన్నారు. కాసేపు ఎవడూ లేవలేదు. తర్వాత ఒకడు 'కొట్టేశాడు' అన్నాడు. ఏం కొట్టేశాడు? పెన్ను సార్. అంటే దొంగిలించాడు, దెబ్బ ఎవరికి తగిలింది? ఎవరికీ తగల్లేదు. ఇంకొకడు, కోర్టులో కేసు కొట్టేశారు సార్. అదే కొట్టేయడం, పెన్ను కాదు, దొంగా లేడు. కొట్టుకుపోయింది. ఇది మా వైపు పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, 1977 ఉప్పెనలో ఏమేం కొట్టుకుపోయాయో వింటూ పెరిగాం. కొట్టుమిట్టాడుతున్నాడు. కొట్టొచ్చినట్టు కనపడుతోంది. గొప్పలు కొట్టుకుంటున్నాడు. బోరు కొడుతోంది, ఇది అన్నవాడి వంక ఆయన ఓసారి గుర్రుగా చూశారు గానీ అదీ రాశారు. వెనక నుంచి ఒకమ్మాయి, ఎప్పుడూ మాట్లాడనిది, లేచి "మా తాత దగ్గర చుట్ట కంపు కొడుతుంది సార్" అంది. ఆ రోజు క్లాసు మళ్ళీ దారికి రావడానికి చాలాసేపు పట్టింది.

బోర్డు నిండిపోయాక వెనక్కి జరిగి, "ఇందులో నిజంగా కొట్టింది ఎవడు?" అన్నారు. ఎవడూ లేడు. "ఒక దొర తెలుగు నేర్చుకుని, కొట్టు అంటే బీట్ అని బట్టీపట్టి, మీ ఊళ్ళోకి వచ్చాడనుకోండి. రచ్చబండ దగ్గర కూర్చుంటే వాడికి ఊరంతా పొద్దస్తమానం తన్నుకుంటోందనే అనిపిస్తుంది. ఇంగ్లీషులో మీ గతి అదే." అని అదంతా తుడిచేసి అదే చోట 'పుట్' రాశారు. పుట్ ఆఫ్, పుట్ ఆన్, పుట్ అవుట్, పుట్ డౌన్, పుట్ అవే, పుట్ అప్, పుట్ అప్ విత్. "పుట్ అంటే పెట్టు, కరెక్టే. కానీ వీటిలో పెట్టింది ఎవడు?"

ఆ వారంలోనే ఇంకో వింత చేశారు. ముగ్గురిని ముందుకు పిలిచారు. ఒకడు 'పుట్', ఒకడు 'ఆఫ్', క్లాసులో అందరికన్నా పొట్టివాడు 'ఇట్'. పుట్టూ ఆఫూ పక్కపక్కన నిలబడితే ఇట్‌ని తీసుకొచ్చి ఇద్దరి మధ్యలోకి తోశారు. పుట్ ఇట్ ఆఫ్. పక్కన నిలబడతానంటే కుదరదు, మధ్యలోకే రావాలి. తర్వాత ఓ పొడుగువాణ్ణి పిలిచి వీడు 'ద మీటింగ్' అన్నారు. వీడికి స్వేచ్ఛ ఉంది, మధ్యలో నిలబడొచ్చు, చివర్నా నిలబడొచ్చు. ఆ తర్వాత ఇంకో జంటని పిలిచి, చేతులు గట్టిగా పట్టుకోమని, వీళ్ళు 'లుక్ ఆఫ్టర్' అన్నారు. ఇట్ మధ్యలోకి దూరడానికి ఎంత ప్రయత్నించినా వాళ్ళు వదల్లేదు, చివర్న నిలబడాల్సి వచ్చింది. లుక్ ఆఫ్టర్ ఇట్. గ్రామర్ పుస్తకాల్లో సెపరబుల్, ఇన్‌సెపరబుల్ అని రెండు పేజీలు రాసే విషయం ఇది. ఆ పొట్టివాడు ఇప్పుడు రేపల్లెలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు, మేం ఇప్పటికీ వాణ్ణి ఇట్ అనే పిలుస్తాం.

*

మా నాన్న మండలాఫీసులో గుమాస్తా. ఆయన ఇంగ్లీషు వేరు. నోట్ ఫైలు, కరెంట్ ఫైలు, తపాలా, రిమైండర్, డిస్పాచ్. వీటన్నిటి మీదా రాజు 'పుటప్'. "ఆ ఫైలు నిన్ననే పుటప్ చేశా, ఎమ్మార్వోగారు సంతకం పెట్టలేదు." "నోటు రాసి పుటప్ చెయ్యమన్నారు." "పుటప్ చేస్తే క్వెరీ వేసి వెనక్కి పంపారు." రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో వినపడే మాటల్లో పప్పు, పచ్చడి తర్వాత పుటప్పే. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు ఫైలు ట్యాగులు ఉండేవి, తెల్లవి, చివర్న ఇనప మొన ఉన్నవి. మా పుస్తకాలన్నీ వాటితోనే కుట్టుకున్నాం.

గైడులో పుట్ అప్ విత్ అంటే సహించు అని ఉంది. పుటప్ అంటే పైఅధికారి ముందు ఫైలు పెట్టడం అని ఇంట్లో ఉంది. ఈ రెంటికీ సంబంధమేంటని మాస్టార్ని అడిగాను. ఆయన చాలా సంతోషించారు, అది బాగా గుర్తు. "మీ నాన్నగారిది కచేరీ ఇంగ్లీషురా. తెల్లవాళ్ళు పోతూ పోతూ బీరువాల్లో వదిలేసి పోయింది. అది తప్పేం కాదు. ఇక్కడ శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా ఏ గుమాస్తాకి చెప్పినా ఠక్కున అర్థమవుతుంది, లండన్ వెళ్ళి పుటప్ ద ఫైల్ అంటే గోడకి అంటించమంటున్నావా అని అడుగుతారు" అన్నారు. "వేర్ ఆర్ యూ పుట్ అప్" అని మా పెదనాన్న అడిగేవాడు, ఎక్కడ దిగారు, ఎక్కడ మకాం అని. అదీ ఆ బాపతే.

"మరి పుట్ అప్ విత్?" అన్నాను. సహించు అనే మాట మీద అప్పటికే గీత కొట్టేసి ఉన్నా, దాని పక్కన ఏం రాయాలో తెలీలేదు. ఆయన ఆలోచించి, "పడటం" అన్నారు. "అత్తతో పడటం. మొగుడితో పడటం. పై ఆఫీసరుతో పడటం. పడలేక చస్తున్నా అంటారు చూడు, అదే ఐ కాంట్ పుట్ అప్ విత్ హిమ్." అంతకన్నా సరైన మాట నాకు ఇప్పటిదాకా ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

ఇంటికెళ్ళి ఆ రాత్రి అరుగు మీద కూర్చుని "పుటప్ పుటప్ ఫైలు పెట్టు, పుటప్ విత్తు పడుతూ ఉండు" అని నా సొంత రాగంలో చదువుతుంటే మా అమ్మ లోపల్నుంచి అడిగింది, అదేంట్రా అని. చెప్పాను. ఆవిడ చదువు ఐదో తరగతి. చేతిలో గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, నాన్న వినేటట్టు, "అయితే మీ నాన్న ఆఫీసులో పుటప్పు, నేను ఇంట్లో పుటప్ విత్తు" అంది. నాన్న పేపరు దించలేదు. పేపరు మాత్రం ఊగింది. అప్పట్నుంచీ అన్నం వడ్డించి "పుటప్ చేశాను, సంతకం పెట్టడానికి రండి" అని పిలవడం మొదలుపెట్టింది.

*

మాకు ఫ్రేజల్ వెర్బ్స్ రావని మేం అనుకునేవాళ్ళం గానీ, తల్చుకుంటే ఊళ్ళో ఎన్ని తిరిగేవో. రన్ అవుట్ బడికి వెళ్ళకముందే వచ్చు. పోలీసోళ్ళు లాకప్‌లో వేశారు. డాక్టరు చెకప్‌కి రమ్మన్నాడు. లారీకి పికప్ లేదు. వాడిదంతా బిల్డప్. ఆ సంబంధం వర్కౌట్ కాలేదు. ఎంసెట్‌కి కటాఫ్ ఎంత. వీటికి ఎవరూ గైడు కొనలేదు, పక్కన సంస్కృతం మాట రాసుకోలేదు. లారీ ఎక్కినవాడికి పికప్ అంటే ఏంటో కాలి కింద తెలుస్తుంది, అంతే. మాస్టారు ఇవన్నీ నోట్ చేసుకునేవారు. ఎల్ఐసీ వాళ్ళు ఇచ్చే చిన్న డైరీ ఒకటి ఎప్పుడూ జేబులో ఉండేది. సైకిలు ఆపి మరీ రాసుకునేవారు, లారీ షెడ్డు దగ్గర, టీకొట్టు దగ్గర.

ఆయన వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఇంగ్లీషు టీచర్ల ట్రైనింగుకి వెళ్ళొచ్చారు. తర్నాకలో ఉంది, 1958లో కేంద్రం పెట్టిన సంస్థ, తర్వాత సీఫెల్ అయింది, 2007 నుంచి ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ. అక్కడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి టేపులు వినిపించారని, తను మాట్లాడింది తనే వింటే ఎవరో గొంతులా అనిపించిందని చాలాసార్లు చెప్పేవారు. తర్నాక పేరు మేం మొదట విన్నది ఆయన నోటే.

*

డిగ్రీ అయ్యాక రాత్రి డెల్టా ప్యాసింజర్ ఎక్కి కాచిగూడలో దిగాను, మా వైపు నుంచి వచ్చే అందరి లాగే. అమీర్‌పేటలో హాస్టలు. గోడల నిండా కోర్సుల పోస్టర్లు, మెట్ల మీద కరపత్రాలు పంచే కుర్రాళ్ళు, ఒక్కో గదిలో పదిమంది, కిటికీలోంచి పక్క బిల్డింగ్‌లో జావా చెప్పే సారు గొంతు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. కంప్యూటర్ కోర్సు ఎక్కలేదు గానీ, తిరిగి తిరిగి మాదాపూర్‌లో ఓ కాల్ సెంటర్లో ఉద్యోగం దొరికింది. అమెరికా వాళ్ళ ఫోను బిల్లుల గొడవలు వినడం మా పని.

ట్రైనింగులో యాస గురించి చాలా చెప్పారు, అందులో ఒకటి మాత్రం నిజంగా పనికొచ్చింది. ఫ్రేజల్ వెర్బ్‌లో ఒత్తు ముందు మాట మీద పడదు, సాధారణంగా వెనక ఉన్న చిన్న మాట మీద పడుతుంది. హ్యాంగ్ 'ఆన్'. కాల్మ్ 'డౌన్'. కట్ 'ఆఫ్'. మనం ముందు మాట కోసం చెవి పెడతాం, వాళ్ళు దాన్ని మింగేసి తోకని పైకెత్తి చెప్తారు. ఇది పట్టుబడ్డాక సగం ఇంగ్లీషు దానంతటదే విడివడింది. కాల్మ్ డౌన్ అని మాత్రం కస్టమర్‌తో చచ్చినా అనకూడదనేది మొదటి రూలు. కోపంగా ఉన్నవాణ్ణి 'ఊరుకోండి సార్' అంటే ఊరుకుంటాడా మరి, ఇంకా రేగుతాడు.

ఫ్లోర్ మీద మాటలన్నీ తోకలవే. హోల్డ్ ఆన్, బేర్ విత్ మీ, లెట్ మీ పుల్ అప్ యువర్ అకౌంట్, ఐ విల్ లుక్ ఇంటు ఇట్, కాల్ బ్యాక్, సైన్ అప్, సార్ట్ అవుట్. గైడులో ఉన్నవాటికన్నా లేనివే ఎక్కువ. హ్యాంగ్ అప్ అంటే ఫోన్ పెట్టేయడం అని తెలుసు గానీ వేలాడదీయడానికీ దీనికీ లింకేంటో పాత గోడ ఫోన్ల ఫొటో చూశాక అర్థమైంది, రిసీవర్ని కొక్కేనికి తగిలిస్తేనే లైను కట్టయ్యేది. మనకి గోడ ఫోన్లు తక్కువ, బల్ల మీదవే ఎక్కువ, అందుకేనేమో మనం 'పెట్టేస్తాం'. ఇప్పుడు పెట్టడానికి ఏమీ లేదు, వేలితో ఎర్ర గుండ్రం నొక్కుతాం, అయినా పెట్టేస్తున్నాననే అంటాం.

ఫారం సంగతి ఇంకా విచిత్రం. బడిలో 'ఫిల్ ఇన్' ద బ్లాంక్స్. నాన్న ఆఫీసులో అప్లికేషన్ 'ఫిల్ అప్' చెయ్యాలి. అమెరికా వాళ్ళు 'ఫిల్ అవుట్'. మా పక్క వరసలో బ్రిటన్ కాల్స్ తీసుకునే టీమ్ మళ్ళీ 'ఫిల్ ఇన్'. ఒకే కాగితం, లోపలికి, పైకి, బయటికి నింపుతున్నారు. దీనికి లాజిక్ వెతికే వాడికి నిద్ర పట్టదు, పైగా మాకు అసలే నైట్ షిఫ్టు.

మాతో ఉండే వరంగల్ కుర్రాడొకడు అమెరికా నుంచి వచ్చిన ట్రైనర్‌కి తన పరిచయం చెప్తూ "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2003" అన్నాడు. మన దగ్గర అది చదువు పూర్తవడం. ఆవిడ కంగారుపడి ఇప్పుడు ఆరోగ్యం బాగుందా అని అడిగింది, వాళ్ళకి అది స్పృహ తప్పి పడిపోవడం. వాడు "ఫస్ట్ క్లాస్ మేడమ్" అన్నాడు. ఈ కథ ఆ బిల్డింగ్‌లో అన్ని అంతస్తులకీ పాకింది.

నేను మర్చిపోలేని కాల్ ఒకటుంది. ఒహాయో నుంచి ఒక పెద్దాయన. వాడని సర్వీసుకి నెలనెలా బిల్లు వస్తోంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరో ఒకరు చూస్తామనడం, మళ్ళీ బిల్లు రావడం. అరవలేదు ఆయన, అలిసిపోయినట్టు మాట్లాడాడు. నెలల తరబడి దీంతో పుడప్ విత్ చేస్తూనే ఉన్నాను, ఇంక నావల్ల కాదు అన్నాడు. అమెరికా వాళ్ళ నోట్లో రెండచ్చుల మధ్య 'ట' మెత్తబడి 'డ' అయిపోతుంది కదా, 'పుడప్' అనే వినపడింది. పుటప్ కాదు, పుడప్. నాకు లిస్టులో సహించు గుర్తురాలేదు. పడలేకపోతున్నాను అంటున్నాడు పాపం ఈయన, అని తెలుగులో వినపడింది, మధ్యలో తర్జుమా ఏం జరగలేదు. ఆ రోజు కాల్ టైము పెరిగిందని టీమ్ లీడ్ నుంచి చీవాట్లు వచ్చాయి గానీ, సూపర్‌వైజర్ దాకా తీసుకెళ్ళి బిల్లు తీయించాను. పెట్టేసే ముందు ఆయన నాతో "హ్యాంగ్ ఇన్ దేర్, సన్" అన్నాడు. నా గొంతులో ఏం వినపడిందో మరి, తెల్లవారుజాము అవుతోంది ఇక్కడ.

*

ఆ మధ్య సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మాస్టారింటికి వెళ్ళాను. రిటైరయ్యి చాలాకాలం అయింది, అరుగు మీద పడక్కుర్చీ, పక్కన ట్రాన్సిస్టర్, కంటికి ఆపరేషన్ అయ్యి నల్లద్దాలు. ఉద్యోగం గురించి, జీతం గురించి అడుగుతారనుకుంటే, "వాళ్ళు ఏమేం అంటారు, చెప్పు" అన్నారు. ఎల్ఐసీ డైరీ తెప్పించుకున్నారు. నేను చెప్తుంటే ఆయన రాసుకోవడం! బేర్ విత్ మీ రోజుకి ఎన్నిసార్లంటావ్? రిప్ ఆఫ్ అంటే మోసమా, సరే, గుడ్డలూడదీశాడు అంటాం కదా మనం. స్క్రూడ్ అప్ అంటే చెప్పడానికి నేను కాస్త తటపటాయిస్తే ఆయనే నవ్వి "తెలిసిందిలే, చెడగొట్టాడు. చూడు, మళ్ళీ కొట్టుడే" అన్నారు. హ్యాంగ్ ఇన్ దేర్ దగ్గర ఆగిపోయారు. వేలాడుతూ ఉండు అంటే, వదలకు అని. "ఓపిక పట్టు అంటాం గదరా. ఓపికని చేత్తో పట్టుకుంటామా? వాళ్ళు వేలాడతారు, మనం పట్టుకుంటాం" అని పైకే చదువుకుంటూ రాసుకున్నారు.

నేను అప్పటికి ఆబిడ్స్ పుస్తకాల పుణ్యమా అని కొంత చదివి ఉన్నాను. ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు అంత పాతదేం కాదని, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే ఆయన తన పుస్తకంలో వాడాడని, ఆ పేరు తనకి సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే రాసుకున్నాడని చెప్పాను. పేరు కొత్తదే గానీ బాధ పాతది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన డిక్షనరీ ముందుమాటలోనే ఈ సంగతి ఎత్తాడు, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చేసే ఈ అలవాటు పరాయి దేశస్తులకి అన్నిటికన్నా కష్టమని. మాస్టారు నల్లద్దాలు పైకి జరిపి, "అంటే మనం చస్తామని ఆయనకి ముందే తెలుసన్నమాట" అన్నారు.

ఆవిడ, వాళ్ళావిడ, కాఫీ తెచ్చి, "వచ్చిన ప్రతివాణ్ణీ ఇట్లా డైరీ తీసి కూర్చోబెడతారు, పాలవాణ్ణి కూడా వదలరు. ఈయనతో పడలేకపోతున్నా బాబూ" అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకు నవ్వుతున్నామో ఆవిడకి చెప్పలేదు, కాఫీ వెనక్కి పోతుందని.

*

ఇప్పుడు మా అమ్మాయి కూకట్‌పల్లిలో ఇంగ్లీషు మీడియంలో ఎనిమిది చదువుతోంది. ఫిగర్ అవుట్, మెస్ అప్, షో అప్, చిల్ అవుట్ తన నోట్లో నీళ్ళలా దొర్లుతుంటాయి, అవి ఫ్రేజల్ వెర్బ్స్ అని కూడా తెలీదు. తిప్పలన్నీ తెలుగుతోనే. మాస్టారి వార్త వచ్చిన రోజు రాత్రి నేను ఆయన సంగతులు చెప్తుంటే విని, తెలుగు పరీక్ష దగ్గర్లోనే ఉందని గుర్తొచ్చి నోటుబుక్కు పట్టుకొచ్చింది. "అయితే నాకూ చెప్పు డాడీ, చెయ్యి చేసుకున్నాడు అంటే ఏంటి? హ్యాండ్‌మేడా?" అంది. కొట్టాడు అని చెప్పాను. "కొట్టు లేకుండానే కొట్టాడా? ఇదేం భాష" అంది.

'కొట్టు'తో మొదలెట్టడం ఎందుకని 'పడు' తీసుకున్నాం. వాన పడింది, ఓకే. కింద పడ్డాడు, ఓకే. స్పృహ తప్పి పడిపోయాడు, పాస్డ్ అవుట్. సిగ్గుపడింది, భయపడింది, కష్టపడింది, ఇవి తనే పెట్టె గీసి ఒకచోట రాసుకుంది. మాట పడ్డాడు అంటే అవతలివాడు తిట్టాడు, వీడు భరించాడు. బయటపడ్డాడు అంటే తప్పించుకున్నాడు, నిజం బయటపడింది అంటే మాత్రం దొరికిపోయింది. ఇక్కడ పెన్ను కింద పెట్టి నా వంక అనుమానంగా చూసింది. వెంటపడ్డాడు. ఎగబడ్డాడు. చెయ్యి తిరగబడింది అనకూడదు, జనం తిరగబడ్డారు అనొచ్చు. నానమ్మ తాతయ్యతో పడింది. "అంటే లవ్వా?" "కాదమ్మా, పుట్ అప్ విత్." "మరి వాడికీ నాకూ పడదు అంటే?" "డోంట్ గెట్ ఎలాంగ్." "పడకపోతే గొడవ, పడినా బాధే. సో కన్ఫ్యూజింగ్, డాడీ."

పన్నెండు కావస్తోంది. లోపల్నుంచి వాళ్ళమ్మ, ఇంక చాలు పడుకోండి అని కేకేసింది. అమ్మాయి నోటుబుక్కు మళ్ళీ తెరిచి, పడు, కో, అని విడగొట్టి రాసి, "ఇది ఏ పెట్టెలో వెయ్యాలి?" అంది. పడుకోవడం సంగతి రేపు చూద్దామన్నాను.